పసుపు పూసిన ఎర్త్ పైపు

మీ ఇంటి ఎర్త్ వైరు భూమిలోకి ఎక్కడ దిగుతుందో మీకు తెలుసా? గ్రైండరుకి, ఫ్రిజ్జుకి, నీళ్లు కాచే హీటరుకి ప్లగ్గులో మూడో పిన్ను ఎందుకుందో, దాని వెనక తీగ ఏ మూలకి పోతుందో ఎప్పుడైనా వెళ్లి చూశారా? చూసి ఉండరు. మేమూ చూడలేదు. మాలో చూసిన మనిషి ఒక్కడే ఉండేవాడు, ఆయన మాకు అబద్ధం చెప్పాడు. ఆయన మా తాత.

నా చిన్నప్పుడు మేం ఒక తమిళ పట్నంలో, వ్యాసర్పాడి అనే పేటలో ఒక పొడుగాటి కాంపౌండులో ఉండేవాళ్లం. ఆరు వాటాలు, అందరికీ కలిపి ఒక చేతిపంపు, వెనక రేకుల షెడ్డులో అందరూ వంతులవారీగా వాడుకునే ఒకే గ్రైండరు. ఇంటి ఓనరమ్మ ముందు వాటాలో ఉండేది. మా తాత తిరువొత్తియూరులో ఒక ఫ్యాక్టరీ సబ్‌స్టేషన్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. గ్రైండరు కొన్న రోజే ఆయన షెడ్డు పక్కన తన చేతులతో గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పొరలుగా నింపి, నడుమ చిల్లుల పైపు నిలబెట్టాడు. పైపు మూతి నేల మీదికి జానెడు ఎత్తున తెరుచుకుని ఉండేది. వారానికొకసారి అందులో బిందెడు నీళ్లు పోసేవాడు.

నీళ్లకి ఎప్పుడూ కటకటలాడే కాంపౌండులో ఒక ముసలాయన బిందెడు నీళ్లు మట్టిలో పోస్తుంటే ఎవరు ఊరుకుంటారు? "ఏంది పెద్దాయనా, ఈడ మాకు కూట్లోకి తణ్ణి లేదు, నువ్వు ఇనప ముక్కకి తాగిస్తా ఉండావు" అని ఎకసెక్కాలాడేవాళ్లు. తాత మొదట్లో ఓపిగ్గానే చెప్పాడు. గ్రైండరు లోపల తీగ దెబ్బతిని ఇనుప ఒంటికి తగిలితే కరెంటు ఈ పైపు దారిన భూమిలోకి దూకుతుంది, ఆ దూకుడుకి ఫ్యూజు కాలిపోతుంది, మనిషి బతుకుతాడు. భూమి ఎండిపోతే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు కరెంటు గ్రైండరు మీదే కాచుకుని కూర్చుంటుంది, ముట్టుకునే చెయ్యి కోసం. విషయం ఇంతే. కానీ వినేవాళ్లు సగంలో లేచి పోయేవాళ్లు.

విసిగిపోయిన తాత ఒకరోజు వేరే మాట చెప్పాడు. "ఆ పైపు కింద భూమితల్లి ఉండాది. ఆమెకి దాహం. శుక్రవారం శుక్రవారం ఒక బిందె పోస్తే మీ పిల్లల్ని కాపాడతాది." ఆ మాట చెప్పి ఇంట్లోకి వచ్చి మా అవ్వతో నవ్వుతూ అన్నాడు, "ఇప్పుడు చూడు, పొయ్యమంటే ఎట్లా పోస్తారో."

పోశారు. ఆయన గుర్తుచేయాల్సిన పనే లేకుండా పోయింది. మొదట నీళ్లు, తర్వాత పైపుకి పసుపు, తర్వాత కుంకుమ, వేపమండ. తాత చూసీ చూడనట్టు ఉండేవాడు. నీళ్లు పడుతున్నాయి కదా, ఎందుకు పోస్తే ఏం అనుకున్నాడు. మంచిపనికి చెప్పిన చిన్న అబద్ధం ఎక్కడ ఆగుతుందో ఆయనకి తెలియలేదు.

కంటి ఆపరేషన్ కోసం తాత మా అత్త ఇంటికి వెళ్లి మూడు నెలలు ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పైపు కనబడలేదు. కుక్కలు మైల చేస్తున్నాయని ఓనరమ్మ మేస్త్రీని పిలిచి, పైపు మూతి మీద సిమెంటు పోయించి, పైన పలకలు పరిపించి గద్దె కట్టించింది. గద్దె మీద ఎర్రగుడ్డ. శుక్రవారం నీళ్లు ఇప్పుడూ పోస్తున్నారు. అవి పలకల మీద జారి, పక్కనున్న కాలవలోకి పోతున్నాయి. లోపలికి చుక్క దిగదు. అది వానలు మొహం చాటేసిన ఏడు. చేతిపంపు గాలి కక్కుతోంది, నీళ్ల లారీ రోజు మార్చి రోజు వస్తోంది.

గద్దె పగలగొట్టాలని తాత వెళ్లి ఓనరమ్మని అడిగాడు. "మీరు చెప్పిందే గదా పెద్దాయనా, ఆ తల్లికి దాహమని" అందామె. అది కత, పిల్లలకి చెప్పినట్టు చెప్పినానని తాత ఒప్పుకున్నాడు. ఆమె నిదానంగా అడిగింది, "అయితే అప్పుడు అబద్ధం చెప్పినారా, ఇప్పుడు చెప్తా ఉండారా?" తాత వాటా వాటాకీ తిరిగి అదే నిజం చెప్పాడు. ఆపరేషన్ తర్వాత పెద్దాయనకి మతి చెడిందన్నారు.

పక్కింటి అక్క ఆ గ్రైండరు మీదే బతికేది. భర్త మంచాన పడ్డాడు. ఇడ్లీ పిండి రుబ్బి వీధుల్లో అమ్మితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. కొన్ని రోజులుగా గ్రైండరు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందని ఆమె చెబుతూనే ఉంది. ఓనరమ్మ ఆమెని ఎగాదిగా చూసి, "దూరంగా ఉండాల్సిన మూడు దినాలు గద్దె పక్కన తిరిగుంటావు, అందుకే" అంది. ఆ రోజు నుంచి అక్క గద్దె వైపు రాకూడదన్నారు. గ్రైండరు చెడితే ఆడదాని ఒంటిని తప్పుబట్టారు.

తాత గ్రైండరు ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. "రెండు దినాలుగా పిండి లేదు తాతా. ఆయన మందులకి ఏం చేసేది?" తాత ఇవ్వలేదు. ఓనరమ్మ తన దగ్గరున్న ఇంకొక ఫ్యూజు పెట్టించింది. మర్నాడు పొద్దున షెడ్డులో అరుపు సగంలో తెగిపోయింది. నేను పరుగెత్తాను. అక్క చేయి గ్రైండరుకి అతుక్కుని ఉంది, ఒళ్లంతా బిగుసుకుపోయింది. నేను ఆమెని పట్టుకోబోతుంటే తాత నన్ను ఒక్క తోపు తోసి మెయిన్ ఆపాడు. అక్క కింద పడింది. ఊపిరి వచ్చింది. కుడిచేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ ఎప్పటికీ వంగలేదు.

కాంపౌండంతా చేరి ఏం నిర్ణయించిందో తెలుసా? అమ్మవారికి కోపం వచ్చింది కాబట్టి శుక్రవారం పొంగలీ వడలూ పెట్టాలి, వడలకి ఆరు వాటాల పిండీ ఆ గ్రైండరులోనే రుబ్బాలి.

శుక్రవారం పొద్దున తాత హోల్డరులో బల్బు పెట్టి, రెండు తీగలు పట్టుకుని గద్దె దగ్గరికి వచ్చాడు. గ్రైండరు నుంచి వచ్చే ఎర్త్ తీగని ముందు విప్పేశాడు. అందర్నీ దూరం జరగమన్నాడు. ఒక తీగ కరెంటుకి, ఇంకొకటి భూమిలోకి పోయే తీగకి కలిపాడు. భూమి తడిగా ఉంటే బల్బు వెలగాలి. వెలగలేదు. "చూసినావా, ఆమె అలిగింది" అన్నారెవరో. తాత కరెంటు ఆపి, గడ్డపార తెచ్చి గద్దె మీద వేశాడు. ఇద్దరు మగవాళ్లు ఆయన భుజాలు పట్టి వెనక్కి లాగారు. చొక్కా చిరిగింది. అప్పటికే పలకలు విరిగి పైపు మూతి బయటపడింది. "నీళ్లు. ఒక్క బిందె నీళ్లియ్యండి" అని ఆయన ఆరు గుమ్మాల ముందూ అడిగాడు. మా బిందెలు ముందురోజే ఖాళీ. లారీ మర్నాటికి గాని రాదు. ఎవరూ కదల్లేదు. నా జీవితంలో అంత ఒంటరి మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అప్పుడు పక్కింటి అక్క వచ్చింది. కుడిచేతికి కట్టు, ఎడమచంకలో వాళ్ల ఇంటి ఆఖరి బిందె. రావద్దన్న చోటికి నేరుగా నడిచొచ్చి ఆ నీళ్లు పైపులో పోసింది. తాత మళ్లీ తీగలు కలిపాడు. ఏమీ కాలేదు. జనం నవ్వారు. నీళ్లు లోపలికి ఇంకాలని ఆయన పైపు పక్కనే కూర్చున్నాడు. ఎంతసేపో తెలియదు, నాకు మాత్రం ఏడుపు వస్తోంది. తర్వాత బల్బు లోపలి తీగ వెంట్రుకలా ఎర్రబడింది. నవ్వులు ఆగాయి. ఎవరింట్లోంచో సగం బిందె వచ్చింది. తాత కరెంటు ఆపి అది పోయించాడు, మళ్లీ పెట్టాడు. ఎరుపు పసుపైంది. మూడో బిందె ఓనరమ్మే తెచ్చింది. బల్బు ఎండలో కూడా కనిపించేంతగా వెలిగింది.

తాత ముఖంలో గెలుపు కోసం నేను చూశాను. అక్క అడిగిన మాట దాన్ని రానివ్వలేదు. "ఈ బల్బు ఆ పొద్దే చూపించుంటే అర్థమయ్యుండేది గదా తాతా. మాకు బుర్ర లేదనుకున్నావా?"

ఆయన తలవంచుకుని ఏడ్చాడు.

మన ఆచారాల వెనక సైన్సు దాగుందని ఇప్పుడు పెద్దపెద్ద సభల్లో చెబుతుంటారు. దాచినవాడెవడని నేను అడుగుతాను. కారణం చెప్పకుండా పని మాత్రం చేయిస్తే, కారణం పోయి పూజ మిగులుతుంది. పైపు మూతి మూసుకుపోయాక కూడా నీళ్లు పోస్తూనే ఉంటాం. ఎవరి వేళ్లో పోతాయి. జనానికి అర్థం కాదని అనుకున్న ప్రతిసారీ నాకు ఆ కట్టు కట్టిన చెయ్యి కనబడుతుంది. అందుకే నేను ఎవరికీ కత చెప్పి పని చేయించలేదు. ఎంత విసుగొచ్చినా మళ్లీ మొదట్నుంచి చెప్పాను, చూపించాను.

ఇది చదివాక పక్కన పెట్టేయకండి. లేచి మీ ఇంటి ఎర్త్ గొయ్యి ఎక్కడుందో వెతకండి. దాని మీద సిమెంటు పోశారా, పూలకుండీ పెట్టారా, పార్కింగు పలకలు పరిచారా చూడండి. పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పరీక్ష చేయించండి. ఆయన పరీక్ష చేస్తున్నప్పుడు మీ ఇంట్లో గ్రైండరు ముట్టుకునే ప్రతి మనిషినీ, పనమ్మాయితో సహా, పక్కన నిలబెట్టి ఎందుకో చెప్పండి. ఈరోజే.