ఆకు నోటుకి పసుపు కుంకుమ

ఇంగ్లండులో మా లీసెస్టర్ మొత్తంలో అమెరికా తొలినాటి కాగితపు డబ్బు నా దగ్గరున్నంత ఎవరి దగ్గరా లేదు. గది నిండా ఉంది. సరే, గది కాదు, ఒక ఆల్బం. అందులో పదకొండు నోట్లు. వాటిలో రెండు దొంగవని కొన్నాకే అనుమానం వచ్చింది.

అమెరికా ఇంకా దేశం కాకముందు అక్కడ ఏ సీమ నోటు ఆ సీమే అచ్చేసుకునేది. అరచేతిలో ఇమిడే ముక్క. గుడ్డపీలికలు నానబెట్టి చేసిన మందపాటి కాగితం, దాని మీద ఎవరో కూర్చుని సిరాతో చేసిన సంతకాలు. కొన్నింటి వెనక నిజం ఆకుతో తీసిన అచ్చు, ఈనెలతో సహా. అంత సన్నటి ఈనెలు దొంగవాడు చెక్కలేడని ఆ ఏర్పాటు. అదీ చాలనట్టు, దొంగనోటు చేస్తే చావేనని నోటు మీదే అచ్చేశారు.

అసలైన ఆకు నోటు డాక్టరుగారి దగ్గరుంది. ఆయన ఇక్కడే జీపీగా, అదే ఫ్యామిలీ డాక్టరుగా, చేసి రిటైరయ్యారు. మా కృష్ణా జిల్లావారే. గురువారం గురువారం ఆయనింట్లో భూతద్దాలు పట్టుకుని నోట్లు చూసుకోవడమే నాకు వారం మొత్తానికి పండగ. తన నోట్లు మాత్రం ఎవరికీ గడప దాటనివ్వరు. అనుమానమున్న నా ఆకు నోటు పక్కన పెట్టి పోల్చుకుంటానని ఆర్నెల్లు వెంటపడితే, వారానికని ఇచ్చారు.

"కవర్లోంచి తియ్యకండి. మీరు గనక ఇస్తున్నా," అన్నారు.

ఇంటికి తేగానే మా ఆవిడ అడిగింది, "ఇదెవరిదండీ?"

"మనదే. సాక్షాత్తూ లక్ష్మి అనుకో. దీన్ని అమ్మితే లండన్ పక్క హేస్‌లో ఇల్లొస్తుంది."

నిజానికి హేస్‌లో గరాజ్ తలుపు కూడా రాదు. ఊరుకోక మా నోట్ల సేకరణ క్లబ్బులో వాళ్ళకీ ఫోన్లు చేసి, అసలైన ఆకు నోటు సంపాదించానని చెప్పుకున్నాను.

శుక్రవారం రక్తపరీక్షకని క్లినిక్‌కి వెళ్ళొచ్చాను. ఆ రోజు మా ఆవిడకి వరలక్ష్మీ వ్రతం. హాల్లో పీట, పీట మీద కలశం, కలశానికి ఆనించి నిలబెట్టి ఆకు నోటు. నాలుగు మూలలా తడి పసుపు. నడుమ, సరిగ్గా సంతకాల మీద, పావలా కాసంత కుంకుమ బొట్టు.

సోఫా ఉందనుకుని కార్పెట్ మీద చతికిలబడ్డాను.

"ఏమైందండీ? షుగర్ పడిపోయిందా?"

"కవరేదే?"

"తీసేశాను. ప్లాస్టిక్‌లో ఉంచి బొట్టెలా పెడతానూ? మీరేగా లక్ష్మన్నారు!"

నోటు చేతిలోకి తీసుకున్నాను. పసుపు అప్పటికే కాగితంలోకి ఇంకిపోయింది, వెనక ఆకు తొడిమ దాకా. తుడవకూడదు, కడగకూడదు. ఈ విద్యలో మొదట నేర్పేది అదే. అలాగే పట్టుకుని కూర్చుని అసలు సంగతి చెప్పేశాను.

నా హడలు ఒక ఎత్తు, ఆవిడది ఒక ఎత్తు. పసుపు చేతులు గాల్లోనే ఉండిపోయాయి.

"పరాయివాళ్ళ సొత్తు పీటెక్కించి, మనింట్లో ఉండిపో తల్లీ అని నాచేత దండం పెట్టించారా? లేవండి. ఇప్పుడే వెళ్దాం."

"గురువారం చెబుతాలే."

"గురువారానికి మీరింకో కథ అల్లుతారు. లేవండి!"

బస్సెక్కాం. అల్లడం మాత్రం నిజమే. నాలుగు స్టాపులు దాటేసరికి కథ సిద్ధంగా ఉంది.

డాక్టరుగారు తలుపు తీయగానే మొదలుపెట్టాను, "మా కిచెన్ సీలింగ్ కారిందండీ..." ఆవిడ నా వైపు చూసింది. "లేదండీ. మీ నోటు నాదని ఇంట్లో చెప్పాను. అందుకని పూజలో పెట్టింది."

ఆయన నోటు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తిడితే బాగుండుననిపించింది. ఈ ఇంటి గడప నాకిక ఉండదనుకున్నాను.

"నాదే తప్పు అన్నయ్యగారూ," అంది మా ఆవిడ, కన్నీళ్ళు పెట్టుకుని.

"మీదేం లేదమ్మా. కూర్చోండి." తర్వాత నా వైపు తిరిగారు. "ఇది మీదని ఇంకెవరికి చెప్పారు?"

"నలుగురికి. క్లబ్బులో."

"ఫోన్ చేసి, కాదని చెప్పండి. ఇక్కడే, స్పీకర్ పెట్టి. ఆ తర్వాత గురువారాల సంగతి చూద్దాం."

చేశాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన నమ్మలేదు, మళ్ళీ చెప్పించుకున్నాడు. క్లబ్ సెక్రటరీ నాది కాదని వినగానే ఫోన్ పెట్టేశాడు, అదే ఎక్కువ తగిలింది. నాలుగోదీ అయ్యాక డాక్టరుగారు నోటుని కొత్త కవర్లో పెట్టి ఆల్బం మూయబోయారు. అక్కడితో వదిలేస్తే సరిపోయేది. ఎవరూ అడగలేదు కూడా.

"డాక్టరుగారూ, నలుగురు కాదండీ," అన్నాను. "ఇంకా ఐదుగురున్నారు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా ఆవిడ ఫోన్ తీసి నా చేతికిచ్చింది.