ఒకే పొట్లంలో రెండు చూర్ణాలు

కృష్ణమ్మ మీద ఒట్టు, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నన్నెరిగినవాళ్ళు నవ్వుతారని తెలుసు. గన్నవరంలో దిగలేక తిరుగుతున్న విమానాన్ని పొలంగట్టు మీద నిలబడి కండువా ఊపి దింపానని పదేళ్ళపాటు చెప్పుకున్నవాణ్ణి నేనే. అయినా ఈ ఒక్కసారికి నమ్మండి.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర మందుల షాపులో బీపీ మాత్రల కోసం నిలబడ్డాను. నా ముందున్నాయన ఫోనులో బొమ్మ చూపించి, బాలింతలకు పాలు పెరిగే పొడట, అంతా మూలికలేనట, ఒక డబ్బా పుచ్చుకున్నాడు. షాపతను ఒక్క మాటా అడక్కుండా ఇచ్చేశాడు. నేను మాత్రలు కొనకుండానే ఇంటికొచ్చేశాను.

తొంభైల్లో నేను వన్‌టౌన్‌లో ఒక మూలికల కొట్టులో పనిచేసేవాణ్ణి. యజమానిని ఊరంతా సాయిబు గారనేవారు. తాతల నాటి నుంచీ వేళ్ళూ బెరళ్ళూ దంచి అమ్మిన కుటుంబం. బాలింతకు మందు కావాలని ఎవరొచ్చినా, బిడ్డ ఎన్నాళ్ళది, తల్లి ఇంకేం మింగుతోంది అని రెండు ప్రశ్నలు వేసిగానీ త్రాసు ముట్టుకునేవారు కాదాయన. కొన్ని వేళ్ళను పైఅరలో విడిగా పెట్టి, పాలిచ్చే తల్లికి లక్ష ఇచ్చినా ఇవ్వనని పంపేసేవారు. ఒక పొట్లం, ఒక పని. అది ఆ కొట్టు పద్ధతి. నా పని పొట్లాలు కట్టడమూ, ఆయన లేనప్పుడు కబుర్లు చెప్పడమూ. కూచిపూడి అవతల ఒకావిడ మన పిల్లితేగల చూర్ణం వాడితే పాలు కవలలకు చాలగా పక్కింటి పసివాడికి కూడా పట్టిందని చెబితే, కొన్నవాళ్ళు నవ్వుకుంటూనే ఇంకో పొట్లం కట్టించుకునేవారు.

ఆ రోజుల్లోనే మా చెల్లి తొలికాన్పుకు మా ఇంటికి వచ్చింది. మగపిల్లవాడు. ఇరవై రోజులైనా పాలు చాలడం లేదని, కంటి మీద కునుకు లేదని, అమ్మ పెట్టిన కాయం ముద్ద చేతిలో పట్టుకుని ఏడుస్తూ కూర్చునేది. తల్లి హాయిగా నిద్రపోతే పాలు వాటంతటవే పడతాయని నాకు నేనే వైద్యుణ్ణయిపోయాను. సాయిబు గారు నమాజుకు వెళ్ళిన వేళ పిల్లితేగల పొడి తూచి, పైఅరలోని సర్పగంధ వేరు కలిసిన నిద్ర చూర్ణం రెండు చెంచాలు అందులోనే కలిపేశాను. ఇంటికొచ్చి, ఇది ఫలానా జమీందారిణి పురుళ్ళకు వాడిన రహస్య యోగమని చెప్పాను.

"వీడి నోటికి బ్యారేజీ గేట్లన్నీ దించినా ఆగదే," అంది అమ్మ. "మందుకేం గానీ, వేసుకో."

"పోనీలే అమ్మా, అన్నయ్య మాట అబద్ధమైనా పొడి నిజమేగా," అని చెల్లి తేనెలో రంగరించుకుని నాకేసింది.

చెల్లి నిద్రపోయింది. నాలుగో రోజుకు బిడ్డా నిద్రపోవడం మొదలుపెట్టాడు. ముక్కు దిబ్బడేసి, రొమ్ము నోటికందిస్తే పట్టకుండా, అరికాలు గిల్లినా కళ్ళు తెరవకుండా తువ్వాలులో పడున్నాడు. పొద్దున్నే రిక్షాలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం.

"తల్లికి మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగిందావిడ.

"ఏం లేదండీ. ఆకు మందేనండీ," అంది అమ్మ.

"ఆకు మందు మందు కాదాండీ? తల్లి మింగింది పాలల్లోకి రాదా? అందులో ఏమున్నాయో చెప్తే గానీ నేనేం చెయ్యాలో తెలీదు."

నాకు భయం వేయలేదు, ఏడుపూ రాలేదు. గోడ మీది టీకాల పటంలో నవ్వుతున్న పిల్లను చూస్తూ నిలబడ్డాను. ఒళ్ళంతా ఎవరిదో అన్నట్టుంది. అప్పుడు ముందుకు వెళ్ళి, డాక్టరు గారూ, అందులో సర్పగంధ ఉంది, కలిపింది నేనే అని చెప్పాను. చెల్లి నా వంక చూసింది, అది కూడా నా కథల్లో ఒకటేమోనన్నట్టు. ఆ తర్వాత పొడి ఆగింది, బిడ్డకు సెలైను ఎక్కింది, మూడో రోజున వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. అందరూ ఏడ్చారు. నేను టీ తాగడానికి వెళ్ళాను.

వాడికిప్పుడు పెళ్ళి సంబంధాలు చూస్తున్నారు. సాయిబు గారు పోయారు, ఆ కొట్టున్న చోట సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. ఇప్పుడు డబ్బా మీద దినుసులన్నీ చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేస్తున్నారు, మంచిదే. కానీ చదివేదెవరు? మన రోజుల్లో అచ్చు లేదు, ఎదుటి మనిషిని నిలబెట్టి అడిగే ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన కళ్ళుగప్పడానికి నాలాంటివాడూ ఉండేవాడు, అది వేరే సంగతి.

ఇక ఒప్పుకోవాలి. పొడి నిజం, బిడ్డ నిజం, విమానం సంగతి మీకు తెలిసిందే. నేను ముందుకు వెళ్ళి చెప్పానన్నది మాత్రం కల్పన. నేను ఏమీ చెప్పలేదు. అమ్మ ఇంటికి పరుగెత్తి, మిగిలిన పొట్లం పట్టుకుని కొట్టుకు వెళ్ళింది. సాయిబు గారు వాసన చూసి, చెప్పులు కూడా తొడుక్కోకుండా ఆమెతో రిక్షా ఎక్కి వచ్చి, అందులో ఏముందో డాక్టరమ్మకు చెప్పి, తప్పు నా కొట్టుదేనమ్మా అని చేతులు జోడించారు. నా పేరెత్తలేదు. ఆ గంటన్నరా నేను అదే గోడ పక్కన ఉన్నాను. ఆ వేరు పేరు నాకు తెలుసు.