జవాబు మరునాటికి ఉంచిన మేడం

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారంలో, ప్రార్థన జరుగుతుండగా ఫోన్ వచ్చింది. కోరుట్ల నుంచి, సైన్స్ మేడం భర్త. "మేడం పోయింది సార్" అన్నాడు. ఆయన ఇంట్లో కూడా ఆమెను మేడం అనే పిలిచేవాడు, మొదట ఎగతాళికి, తర్వాత అలవాటుగా. తెల్లవారుజామున జగిత్యాల ఆసుపత్రిలో పోయిందట. మస్కట్ నుంచి ఆమె తమ్ముడు రావాలి కాబట్టి రేపటిదాకా ఉంచుతామన్నాడు. పిల్లలు ప్రతిజ్ఞ చదువుతున్నారు. అది ముగిసేదాకా నిలబడి, హెడ్మాస్టరుకు చెప్పి బస్సెక్కాను.

సారంగాపూర్ మండలంలోని ఒక ఊరి హైస్కూల్లో మేమిద్దరం చాలా ఏళ్లు కలిసి పనిచేశాం. నేను లెక్కలు, ఆమె సైన్స్. ఆమె కోరుట్ల నుంచి వచ్చేది, నేను జగిత్యాలలో ఉంటాను. జగిత్యాల బస్టాండు నుంచి ఇద్దరిదీ ఒకే బస్సు. సీటు దొరికితే కళ్లజోడు పెట్టుకుని ఫోన్లో చదువుకునేది. పిల్లలు ఎట్లా నేర్చుకుంటారు, నేర్చుకున్నది ఎందుకు మరిచిపోతారు అని పరిశోధన చేసినవాళ్లు రాసినవి. ఇంగ్లీషు కష్టమైన చోట ఆగి నన్ను అడిగేది. చాలాసార్లు నాకూ తెలిసేది కాదు. ఇద్దరం కలిసి ఊహించేవాళ్లం.

చదివిందంతా ఆమె బడికి మోసుకురాలేదు. రెండు మూడు సంగతులు పట్టుకుంది, వాటినే వదలకుండా చేసింది. "పిల్లగాని తలకాయ ఖాళీ కుండ కాదు సార్. అండ్ల ముందుగాలనే నీళ్లున్నయి. అవేం నీళ్లో సూడకుంట మనం పోస్తనే ఉంటం" అనేది. అందుకని పాఠం కంటే ముందు ప్రశ్న అడిగేది. క్లాసులో ప్రతి ఒక్కరూ ఏదో ఒక పక్షం పట్టాల్సిందే, తెలియదు అనడానికి లేదు. ఆ జవాబులన్నీ బోర్డు మీద ఒక మూలన రాసేది. ఏది తప్పో ఏది ఒప్పో ఆ రోజు చెప్పేది కాదు. ప్రయోగం మరునాడు. ఈలోగా ప్రశ్న పిల్లలతో ఇళ్లకు పోయేది.

ఒకసారి ఎనిమిదో తరగతికి ఐసు గడ్డ ప్రశ్న ఇచ్చింది. ఐసుకు గొంగడి చుడితే తొందరగా కరుగుతుందా, ఆలస్యంగానా? గొంగడి వెచ్చన కాబట్టి తొందరగానే అని దాదాపు క్లాసంతా చెప్పింది. మరునాడు పొద్దున్నే గొర్లు కాసే ఒకాయన భుజాన గొంగడితో గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఏంది మేడం, మావోడు పొద్దుగాల్నుంచి గొంగడి అడుగుతుండు. ఐసుకు కప్పుతడంట. తడిస్తే ఎవలు ఆరబెట్టాలె?"

"నువ్వే దగ్గరుండి సూడు అన్నా" అని ఆయనను లోపలికి పిలిచి కుర్చీ వేయించింది. కిరాణా కొట్టు ఫ్రిజ్‌లోంచి ఒకే తీరుగా ఉన్న రెండు గడ్డలు తెప్పించి, ఒకటి పళ్లెంలో విడిగా పెట్టి, ఒకటి గొంగడిలో చుట్టింది. నేను నా క్లాసు వదిలేసి కిటికీలోంచి చూశాను. గంట కొట్టేసరికి పళ్లెంలోది నిమ్మకాయంత అయింది. గొంగడి విప్పితే లోపలిది కొంచెమే తగ్గింది. గొర్లాయన లేచి వచ్చి దాన్ని వేలితో పొడిచి చూశాడు.

"ఐసుల ఏదో మతలబుంది మేడం. నన్ను ఎచ్చగ ఉంచుతది, దీన్ని సల్లగ ఉంచుతదా? ఒక్క గొంగడి రెండు పనులు చేస్తదా?"

"గదే అడుగుతున్న. ఒక్క పనా, రెండు పనులా?"

పందెం కాయకపోవడం మంచిదైందని అంటూ ఆయన గొంగడి దులుపుకుని వెళ్లిపోయాడు. వేడిని పుట్టించడం గొంగడి పని కాదని, అటుది ఇటు ఇటుది అటు పోనివ్వకపోవడమే దాని పని అని పిల్లలు తేల్చడానికి ఇంకో పీరియడు పట్టింది. ఆమె చెప్పలేదు.

ఆమె పట్టుకున్న రెండో సంగతి మరుపు. నిన్నటి పాఠం ఇవాళ అడిగితే అందరూ చెప్తారు, దానికి సంతోషపడవద్దు అనేది. సగం మరిచిపోయేదాకా ఆగి, పుస్తకాలు మూయించి, ఎప్పటిదో ప్రశ్న అడిగేది. పిల్లలు తల గోక్కునేవాళ్లు. నన్ను కూడా ఒకే తీరు లెక్కలు ఒకేచోట చేయించవద్దని, శాతాలూ నిష్పత్తులూ వడ్డీ కలిపి ఇవ్వమని చెప్పింది. ఇచ్చాను. ఏ సూత్రం వాడాలె సార్ అని పిల్లలు వెంటపడ్డారు, మార్కులు పడిపోయాయి. ఆమెకు చెబితే నవ్వింది. "ఏది వాడాల్నో తెలుసుడే కదా సార్ లెక్కంటే. మీరు ముందుగాల్నే చెప్తే ఇగ వాళ్లకేం మిగిలింది?" ఆ మార్కులు మళ్లీ లేవడానికి సంక్రాంతి దాటింది. లేచిన తర్వాత మాత్రం నిలిచాయి.

ఆమె కోరిక ఒకటే ఉండేది. ఒక్క జట్టు పిల్లలను ఎనిమిది నుంచి పది దాకా తానే తీసుకుపోవాలి. ఎనిమిదిలో పిల్లలు కొట్లాడి తేల్చుకున్నది పదిలో మిగిలిందా లేదా తన కళ్లతో చూడాలి. అట్లా చూస్తే తప్ప తాను చేస్తున్నది సరైనదో కాదో తనకు కూడా తెలియదని అనేది. తన పద్ధతే గొప్పదని ఆమె ఎన్నడూ అనగా వినలేదు.

గొంగడి జట్టు తొమ్మిదిలో ఉండగా తనిఖీకి ఒక అధికారి వచ్చారు. అప్పుడు బోర్డు మూలన ఉన్న ప్రశ్న, వేపచెట్టుకు అంత కట్టె ఎక్కడి నుంచి వచ్చింది అని. కింద పిల్లల జవాబులు: మట్టి, నీళ్లు, ఎరువు. అసలు జవాబు గాలి, అది ఒక్కరూ అనలేదు. అధికారి చూసి, ఇవి తప్పులు కదా, ఎందుకు తుడవలేదని అడిగారు. రేపు పిల్లలే తుడుస్తారని ఆమె చెప్పింది. తప్పును బోర్డు మీద ఒక రోజంతా ఉంచే టీచరును ఇప్పుడే చూస్తున్నానని ఆయన అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆ ఏడాది పదో తరగతి ఫలితాల భయం ఆయనకూ ఉంది. జూన్‌లో పదో తరగతి సైన్స్ వేరే సారుకు ఇచ్చారు. ఆమె ఎందుకని ఒక్కసారి అడిగింది, మళ్లీ అడగలేదు. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి పల్లికాయ వలుస్తూ, "ఇంకొక్క ఏడాది ఆగితే అయిపోతుండె సార్" అంది. పిల్లలు మంచి మార్కులతోనే పాసయ్యారు. ఆ మార్కులు ఎవరి పద్ధతివో చెప్పడానికి దారి లేకుండా పోయింది.

తర్వాత ఇంకో జట్టును ఎనిమిదిలో పట్టుకుంది. వాళ్లు తొమ్మిదిలోకి రాగానే కొత్త జిల్లాల సర్దుబాట్లలో ఆమె సిరిసిల్ల జిల్లాకు పడింది. ఎల్లారెడ్డిపేట వైపు ఒక బడి. కోరుట్ల నుంచి రోజూ పోయిరాలేక సిరిసిల్లలో గది తీసుకుని, శనివారం ఇంటికి వచ్చేది. అక్కడ మళ్లీ ఒక ఎనిమిదో తరగతి జట్టుతో మొదటి నుంచి మొదలుపెట్టింది. ఆదివారాలు ఫోన్ చేసేది. "ఈ హెడ్మేడం మాటిచ్చింది సార్, పది నాకే. ఒకసారి రాండ్రి. ఎనుక బెంచీల కూసొని సూడుండ్రి." పోదాం అనుకుంటూనే ఉన్నాను.

ఆ జట్టు ఈ జూన్‌లో పదికి వచ్చింది. అదే నెలలో ఆమెకు కాలేయం జబ్బని తెలిసింది. సెలవు పెట్టమని అందరం చెప్పాం. మార్చి దాకా ఆగుతా అంది. కుర్చీలో కూర్చుని పాఠం చెప్పింది, దసరా సెలవులు ఇచ్చేదాకా.

కోరుట్లలో దిగేసరికి ముసురు పట్టింది. ఇంటి ముందు కుర్చీలు వేశారు. ముందుగదిలో ఆమెను ఐసు పెట్టెలో ఉంచారు. మధ్యాహ్నానికి ఎల్లారెడ్డిపేట నుంచి హెడ్మేడంతో పదో తరగతి పిల్లలు వచ్చారు. వరండాలో నా పక్కన నిలబడి గుసగుసలాడుతున్నారు. ఇది సమయమా అని నేను కసిరితే, ఒక అమ్మాయి తలొంచుకుని చెప్పింది.

"మేడం బడికి అచ్చిన ఆఖరి దినం సార్. మూత బిగించిన స్టీలు సీసల సల్లటి నీళ్లు తెచ్చింది. బయట చుక్కలు పట్టినయి. అవి ఎక్కడికెల్లి అచ్చినయి అని అడిగింది. నేను లోపలికెల్లి ఊరినయి అన్న. వీళ్లు కాదన్నరు."

"మేడం ఏమంది?"

"సెలవులైనంక తేలుద్దాం అన్నది."

సెలవులన్నీ ఇదే కొట్లాట అని వెనకున్న పిల్ల అంది. జవాబు నా నోటిదాకా వచ్చింది. నేను చెప్పలేదు. ఈలోగా లోపలి నుంచి పిలిచారు.

పిల్లలు ఒక్కొక్కరే పెట్టె దగ్గరికి వెళ్లి దండం పెడుతున్నారు. గది నిండా మనుషులు, బయట వాన. అద్దం మూత మీద నీటి చుక్కలు పట్టి ఆమె ముఖం సరిగ్గా కనిపించడం లేదు. ఆ అమ్మాయి వంతు వచ్చినప్పుడు చున్నీ కొంగుతో అద్దాన్ని తుడిచింది. ముఖం కనిపించింది. నుదుటి బొట్టు, గడ్డం దగ్గర బంతిపూలు. అమ్మాయి వంగి, అద్దానికి లోపలి వైపు చూసింది. చాలాసేపు చూసింది. వెనక ఉన్నవాళ్లు జరగమంటున్నా జరగలేదు.

"లోపల పొడిగనే ఉంది" అంది, తనలో తాను అనుకున్నట్టు.

తుడిచినంత మేర అద్దం మళ్లీ మసకబారుతోంది. మొదట ఆవిరిలా, తర్వాత ఆవగింజంత చుక్కలు, ఒకదాంట్లో ఒకటి కలుస్తూ.