మొదటి ఎకౌంటు

దినపత్రిక డెస్కు నుంచి రిటైరయ్యాక భీమవరంలో ఒక చిన్న కంపెనీలో చేరాను. రొయ్యల చెరువుల్లో మేం పెట్టిన పరికరాలు నీటిలో ఆక్సిజన్ ఎంతుందో చెబుతుంటాయి. అది తగ్గగానే రైతు ఫోను మోగాలి, ఆయన వెళ్లి నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లు వేయాలి. ఫోనులో వినిపించే ఆ నాలుగు తెలుగు ముక్కలు రాయడం నా పని. ఫోను మోగించే ప్రోగ్రాము మాత్రం మా ఆఫీసులో ఉండదు. ఎక్కడో క్లౌడ్‌లో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల గుంపులో, కంటెయినర్లనే విడివిడి డబ్బాల్లో నడుస్తుంది. ఆ గుంపును క్లస్టర్ అంటారు. అప్పుడప్పుడు ఒక డబ్బా బిగుసుకుపోతుంది. దాన్ని ఆపి మళ్లీ నడిపించడం మా ఇంజినీరు అమ్మాయి ఒక్కతికే వచ్చు. నల్లటి తెరమీద ఏవో కమాండ్లు కొట్టి సరిచేసేది.

ఆమెకు ఏడో నెల. ఆ మధ్యాహ్నమే పురిటికి కోరుకొండలోని పుట్టింటికి వెళ్లిపోతోంది. తిరిగి వచ్చేదాకా ఆ పని నాది. నాకు కమాండ్లు రావు కాబట్టి, తెరమీద చూసి బటన్లు నొక్కితే సరిపోయే మేనేజ్‌మెంట్ టూల్ ఒకటి క్లస్టర్‌లో పెట్టి, నేర్పి వెళతానంది. అది కుదరకపోతే ఏదో ఒకరోజు ఫోను మోగదు, ఎవరి చెరువులోనో రొయ్యలు చచ్చి తేలతాయి.

టూల్ పెట్టడానికి ఒక్క కమాండు చాలింది. చిక్కంతా ఆ తర్వాతే. అది లేచిన అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు మొదటి ఎకౌంటు తెరిచి పాస్‌వర్డ్ పెట్టాలి. ఆ మనిషే దానికి యజమాని. ఎవరూ పెట్టకపోతే, దారిన పోయేవాడెవడో ఆ చోట కూర్చుంటాడన్న భయంతో అది తనంతట తానే తలుపేసుకుంటుంది. మళ్లీ లేపాలి.

మొదటిసారి దాని వెబ్ అడ్రసు మాకు అందేసరికే గడువు దాటింది. రెండోసారి పేజీ తెరుచుకుంది. ఆమె కీబోర్డు మీద పెట్టిన చేతులు వెనక్కి తీసుకుంది. మా ఓనరు గారి చేతివాసి మంచిదని ఈ చుట్టుపక్కల పేరు. చెరువులో రొయ్య పిల్ల వదిలే రోజున మొదటి సంచి ఆయన చేతే విప్పిస్తారు. మా ఆఫీసుకు కొత్త ప్రింటరు వచ్చినా మొదటి కాగితం ఆయనే తీయాలి. అప్పుడు ఆయన పెనుగొండ గుడికి వెళ్లి ఉన్నారు. ఫోను చేశాను.

“ఆయ్, వచ్చేత్తన్నానండి, దార్లోనే ఉన్నాను. మొదటిది నేనే పెడతాను, అమ్మాయిని ఆగమనండి” అన్నారు. వెనకాల గుడి గంట వినిపిస్తోంది.

ఆగాం. పేజీ మూసుకుంది. మూడోసారీ అంతే. ఆయన వచ్చాక ఇంకో ఎకౌంటు తెరిచి ఇవ్వొచ్చు, కానీ ఆయనకు కావలసింది మొదటిది. నువ్వే పెట్టేయమ్మా అని ఆమెకు రెండుసార్లు చెప్పాను.

“పెట్టేశానని తెలిసినా నన్నేం అనరండి బాబాయ్ గారూ, మనసులోనే పెట్టుకుంటారు. అదే కదా బాధ” అంది.

ఆమెను తీసుకెళ్లడానికి వచ్చి, కింద కారులోంచి వాళ్లమ్మగారు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు. చీకటి పడకముందే ఇల్లు చేరాలట. నాకు టూల్ మీద కోపం, ఓనరు గారి మీద కోపం, గంటన్నరగా ఆగమన్నచోటల్లా ఆగిన నా మీద అంతకంటే కోపం. నాలుగోసారి లేపమన్నాను. పేజీ రాగానే కీబోర్డు నా వైపు లాక్కుని నా పేరు కొట్టాను, పాస్‌వర్డ్ పెట్టాను. ఆమె మిగిలిన కాస్త సమయంలో డబ్బాను ఎలా ఆపాలో, ఎలా నడపాలో గబగబా చూపించి మెట్లు దిగిపోయింది.

ఓనరు గారు ప్రసాదం పొట్లంతో వచ్చేసరికి నేనొక్కణ్ణే ఉన్నాను. అయిపోయిందండి అన్నాను. ఆయన తెరమీద నా పేరు చూశారు.

“ఆ మాత్రం ఆగలేకపోయారా అండీ?” అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు నాతో పనికి మించి మాట్లాడలేదు.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం డబ్బా బిగుసుకుంది. తెరమీద ఎర్రగా కనిపించింది. మబ్బు పడితే చెరువుల్లో ఆక్సిజన్ పగలే పడిపోతుంది. దాన్ని ఆపాను, నడిపించాను. పచ్చగా మారడానికి పట్టిన కాసేపూ తెరమీంచి కళ్లు తీయలేదు. మారింది. రైతులకు ఫోన్లు వెళ్లడం మొదలైంది. ఓనరు గారు ఎప్పుడొచ్చారో నా వెనక నిలబడి ఉన్నారు.

“ఎక్కడ నొక్కారో నాకూ చూపించండి” అన్నారు.

నా కోపం ఇంకా పోలేదు. అయినా కుర్చీ పక్కకు జరిపి ఆయనకు చోటిచ్చాను.