గేదె మీద చెక్క, చెక్క మీద నేను

నిన్న పొద్దున్న వసారాలో కాఫీ తాగుతుంటే ఫోను టింగుమంది. పాయకరావుపేట దగ్గర పల్లెలో ఉండే ఒకమ్మాయి (ఇద్దరు పిల్లల తల్లి, అయినా నాకు అమ్మాయే) తన పెళ్లి వీడియో పంపింది. పాత సీడీలో ఉన్నదాన్ని ఎవరో ఫోన్లోకి ఎక్కించి ఇచ్చారట. "అమ్మగారూ, మొదట్నించీ సూడకండి, మజ్జిలోకి లాగి సూడండి" అని కింద మెసేజీ. లాగి చూశాను. అరటి బోదెలు కట్టిన పెళ్లి పందిరి, దాని పక్కన పశువుల పాక, పాక ముందు ఎండుగడ్డి మీద పక్కకి పడుకోబెట్టిన గేదె. గేదె డొక్క మీద పొడుగాటి చెక్క. ఆ చెక్క మీద ఆకుపచ్చ పట్టుచీర కుచ్చెళ్లు మోకాళ్ల దాకా ఎత్తి దోపుకుని, రెండు చేతులూ గాల్లోకి చాపి, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పడిపోయేలా ఊగుతున్న ఒక భారీ ఆడమనిషి. నేనే! సగం కాఫీ ఒళ్లో ఒలికింది. ఒలికితే ఒలికింది, వీడియో ఆపలేదు.

మా ఆయన పశువుల డాక్టరు. నర్సీపట్నం వచ్చాక ఇక ఎక్కడికీ కదలకుండా, చుట్టుపక్కల పల్లెల్లోనే ఉద్యోగం ముగించాడు. ఆయన చొక్కాలకి ఫినాయిలూ, పేడా, పల్లెల్లో చెరుకు గానుగల దగ్గర అంటిన బెల్లం పాకమూ కలిసిన ఒక వాసన ఉండేది. ఎంత మంచి సబ్బు పెట్టినా ఆ బెల్లం వాసన మాత్రం వదిలేది కాదు. కొండ మీంచి మేకల్ని వైద్యానికి తోలుకొచ్చే వాళ్లు చింతపండూ, విస్తళ్లు కుట్టే అడ్డాకులూ మా వసారాలో పెట్టి చెప్పకుండా వెళ్లిపోయేవారు. గేదె ఛాతీకి టేపు చుట్టి బరువు ఎంతో ఇట్టే చెప్పేసే మనిషి, నన్ను టేపు కూడా లేకుండా కంటితోనే కొలిచేవాడు. "సాయంత్రం అలా చెరుకు తోటల దాకా నడిచి రావోయ్" అనడం, నేను విననట్టు లోపలికెళ్లి జంతికల డబ్బా తియ్యడం మా కాపురంలో నిత్యకృత్యం. ఎక్కడికి బయల్దేరినా స్కూటరు డిక్కీలో ఆయన సంచి ఉండాల్సిందే. పెళ్లికెళ్తున్నాం కదా, ఈ ఒక్క రోజూ దాన్ని ఇంట్లో పెట్టొచ్చు కదా అని ఆ రోజు కూడా అన్నాను. ఆ తరవాత మళ్లీ ఎప్పుడూ అనలేదు.

ఆ అమ్మాయి పెళ్లి జరిగింది రావికమతం దగ్గర ఒక ఊళ్లో. పగటి ముహూర్తం. జీడి పూత మీదున్న రోజులు, దారి పొడుగునా ఆ తియ్యటి వగరు వాసన. పెళ్లికూతురి తండ్రి మా ఆయనకి ఎప్పట్నించో తెలిసిన రైతు. ఆ ఇంట్లో ఒక గేదె ఉంది. అది పుట్టిన కొద్ది రోజులకే తల్లి చచ్చిపోతే, అప్పటికింకా స్కూలుకెళ్లే ఈ పిల్ల సీసాతో పాలు పట్టి బతికించింది. తీపి చీడీలు ముక్కలు చేసి నోట్లో పెట్టి పెంచింది. మరొకళ్లు దగ్గరికొస్తే కొమ్ములు ఊపే గేదె, ఈ పిల్ల కేకేస్తే చాలు, చెరువులోంచి లేచి వచ్చేసేది. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకు, నన్నేమైనా అడగాలా అంటే, "నాతోపాటు మా గేదెనీ తీసుకెల్లాల. ఒప్పుకుంటేనే" అందట ఈ మహాతల్లి. అతను నవ్వి సరేనన్నాడు. ఆ గేదె తొలిచూలుతో ఉంది. ఈనిన నాలుగు వారాలకి అమ్మాయినీ, గేదెనీ, దూడనీ కలిపి సాగనంపుదామని పెద్దవాళ్లు అనుకున్నారు. గేదె మాత్రం ఎవర్నీ అడక్కుండా పెళ్లి రోజే నొప్పులు మొదలెట్టింది.

మేం వెళ్లేసరికి సన్నాయి వినపడుతోంది కానీ పందిట్లో పెళ్లికూతురు లేదు. గౌరీపూజలో కూర్చోవాల్సిన పిల్ల, నుదుట బాసికంతో, పాకలో గేదె మెడ పట్టుకుని నుంచుంది. మా ఆయన్ని చూడగానే ఆ పిల్ల ముఖం చూడాలి. "రేత్రి నించి లేస్తంది, పడుకుంటంది డాక్టరుగారూ! ఉమ్మనీరు సంచి కూడా రాలేదు. ఏటైపోయిందో సూడండి" అని ఏడ్చేసింది. ఆయన పట్టు పంచె మీదే చొక్కా విప్పేసి, భుజం దాకా సబ్బు రాసుకుని చెయ్యి పెట్టి చూశాడు. ముఖం మారిపోయింది. "గర్భసంచి మెలి పడింది. కుడి వైపుకి తిరిగిపోయింది. దారి మూసుకుపోయింది, దూడ చేతికే అందట్లేదు" అన్నాడు. దూడ బతికుందో లేదో చెప్పలేడు. మెలి విప్పకపోతే దూడా పోతుంది, సాయంత్రానికి తల్లీ పోతుంది. ఆపరేషన్‌కి వేన్‌లో ఎక్కించి తీసుకెళ్లే వ్యవధి లేదు. ఉన్నది ఒకటే దారి, గేదెని పడుకోబెట్టి దొర్లించడం. దానికి మనుషులు కావాలి, అదీ బలమైన మనుషులు, ఇప్పటికిప్పుడు.

సరిగ్గా అప్పుడే మగపెళ్లి వారి వేన్‌లు దిగాయి. పెళ్లికొడుకు సంగతి వినగానే కండువా నడుముకి చుట్టేసి, స్నేహితుల్ని వెంటేసుకుని పాక దగ్గరికొచ్చాడు. వాళ్ల వెనకాలే అతని మేనమామ. మంచి మనిషే, కానీ ప్రతి పనిలోనూ ఆయనకో పద్ధతి ఉంటుంది. "ఏటండి డాక్టరుగోరూ! సంచి మెలి పడితే సంచిని సరిసెయ్యాల గానీ గేదెని దొర్లించడవేటండి? పోనీ దొర్లించినా, కుడికి పడిన మెలిని ఎడంకి కదేటి ఇప్పాల?" అన్నాడు. నలుగురూ అవునవునన్నారు. మా ఆయన నా భుజానికున్న హేండ్‌బేగు లాక్కుని, పట్టీలు ఒక చేత్తో పట్టుకుని బేగుని కుడికి ఒక తిప్పు తిప్పాడు. పట్టీలు మెలేసుకున్నాయి. బేగుని మేనమామ చేతుల్లో పెట్టి కదలకుండా పట్టుకోమని, పట్టీల కొసలు తను పట్టుకుని, వాటిని కూడా కుడికే తిప్పాడు. మెలి విడిపోయింది. "మీ చేతిలో ఉన్నది దూడండి. నేను గేదెని. సంచి ఎటు తిరిగిందో గేదెని కూడా అటే తిప్పాలి. దూడ మాత్రం కదలకూడదు" అన్నాడు. మేనమామ బేగుని అటూ ఇటూ చూసి, "అయితే నాను దూడనాపినోణ్ణన్నమాట! పదండ్రా, బేగి తాళ్లట్టండి" అని అందరికంటే ముందు పంచె ఎగ్గట్టాడు.

దూడని కదలకుండా ఆపాలంటే డొక్క మీద చెక్క వేసి, ఆ చెక్క మీద ఒక మనిషి నిలబడాలి. పక్కింటి స్లాబు పనికి తెచ్చిన సెంట్రింగు చెక్క దొరికింది. గేదెని కుడి పక్కకి పడుకోబెట్టి కాళ్లకి తాళ్లు కట్టారు, వాటిని లాగడానికి కుర్రాళ్లు సరిపోయారు. తల పట్టుకునే పని పెళ్లికూతురిది, వేరెవరు ముట్టుకున్నా అది ఊరుకోదు. చెక్క మీదకి ఎవరు? మా ఆయన చుట్టూ చూశాడు. ఆయన చూపు నా మీద ఆగగానే నాకు అర్థమైపోయింది. "నేనా!" అన్నాను. "నీ అంత బరువూ, నా మాట వినే అలవాటూ ఉన్న మనిషి ఇక్కడ ఇంకెవరున్నారు?" అన్నాడు. మొదటిది నిజం, రెండోదానికి సాక్ష్యం లేదు. ఆడవాళ్లంతా కిసుక్కున నవ్వారు. నాకు కోపం వచ్చే లోపే ఇద్దరు నా రెక్కలు పట్టి పైకెక్కించేశారు. చెప్పుల్లేని పాదాల కింద గరుకు చెక్క, చెక్క కింద ఊపిరి తీస్తూ పైకీ కిందకీ ఊగుతున్న గేదె. భయమేసింది. భయం కంటే హుషారు ఎక్కువగా ఉందని ఆ క్షణంలో ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

"లాగండి!" అన్నాడు మా ఆయన. కుర్రాళ్లు కాళ్ల తాళ్లు లాగారు. గేదె కాళ్లు ఆకాశానికి లేచాయి, వీపు మీదుగా అటు పక్కకి తిరిగింది. పెళ్లికూతురు దాని తలని ఒంటితో పాటే తిప్పింది, తను కూడా దాంతో దొర్లినంత పని చేసింది. నేను మాత్రం నా కింద భూమి తిరిగిపోతున్నట్టుంటే కాళ్లు మార్చుకుంటూ, చెక్కని అదిమి నిలబడ్డాను. ఆయన చెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మొదటి పక్కకి తెచ్చి మళ్లీ దొర్లించారు. ఈలోగా పంతులుగారు పందిట్లో కూర్చోలేక పాక అరుగెక్కేశారు. చేతిలో మైకు అలాగే ఉంది. "ముహూర్తం సమీపిస్తున్నది, వధువును..." అని మొదలెట్టి, "అయ్యయ్యో, వెనక కాలు వదిలేస్తున్నాడయ్యా, పట్టుకో పట్టుకో!" అని ఊరంతటికీ వినిపించారు. రెండోసారీ ఫలితం లేదు. కుర్రాళ్లు రొప్పుతున్నారు. మేనమామ చెమట తుడుచుకుంటూ, "డాక్టరుగోరూ, ఆ దూడ లోపలే పోయుంటదండి. ముందు తాళి కట్టించీసి, తరవాత సూద్దారి" అన్నాడు. మా ఆయన మాట్లాడలేదు. ఆయన మాట్లాడకపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. అది ఒప్పుకోవడానికి ముందు ఆయన తీసుకునే వ్యవధి. పెళ్లికూతురు గేదె నుదుటికి తన నుదురు ఆనించి కళ్లు మూసుకుంది.

అప్పుడు, ఇంకా చెక్క దిగని నా కుడి అరికాలి కింద ఏదో తగిలింది. చిన్న దెబ్బ. లోపల్నించి ఎవరో తలుపు తట్టినట్టు. మళ్లీ తగిలింది. "తన్నింది! తన్నిందండీ! నా కాలి కింద తన్నింది! బతికే ఉంది!" అని గొంతు చించుకున్నాను. పంతులుగారు మైకులో "బతికే ఉంది!" అన్నారు. పెళ్లికూతురు కళ్లు తెరిచి నావేపు చూసిన చూపు నేను మరిచిపోలేను. అంతే, ఎవరికి ఎక్కడ్నించి బలం వచ్చిందో, తాళ్ల దగ్గర చోటు చాల్లేదు. సన్నాయి పక్కన పెట్టి వచ్చినవాడొకడు, వంట మేస్త్రి ఒకడు. వీడియో తీసే కుర్రాడు కూడా కెమెరాని బోర్లించిన గుండిగ మీద పెట్టేసి వెనక తాడు అందుకున్నాడు.

అందుకని వీడియోలో ఆ తరవాత కాసేపు ఒక అరటి బోదే, కాస్త ఆకాశమూ కనిపిస్తాయి. వినపడేది మాత్రం అంతా ఉంది. "కదలకు!" అని నాకు చెబుతున్న మా ఆయన గొంతు, అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం, తరవాత "విడిపోయింది! దారి వచ్చింది! దూడ కాళ్లు దొరికాయి!" అని ఆయన అరుపు. అరవని మనిషి అలా అరిచాడు. వీడియోలో కనపడకపోయినా నాకు గుర్తే, తరవాత కాళ్లకి తాడేసి లాగడం, దూడ గడ్డి మీద జారిపడటం, చలనం లేకుండా ఉన్న దాని ముక్కులో గడ్డిపరక పెట్టి ఆయన గిలిగింతలు పెట్టడం, అది ఒక పెద్ద తుమ్ము తుమ్మడం. ఆ తుమ్ముతో డోలు వాయించే ముసలాయన ఆగలేకపోయాడు. తాళి కట్టే వేళ వాయించాల్సిన గట్టిమేళం దూడకి వాయించేశాడు! చుట్టూ ఉన్నవాళ్లు చేతిలో ఉన్న అక్షింతలు పాక మీదకి విసిరేశారు. పెయ్యదూడ. పంతులుగారు పంచాంగం తిరగేసి, ముహూర్తం ఇంకా కాస్త మిగిలే ఉందని ప్రకటించారు. ఎలా మిగిలిందని ఎవరూ అడగలేదు. చేతులు కడుక్కుని కూర్చున్నా పెళ్లికూతురి మోచేతుల మీద పేడ అలాగే ఉంది. జీలకర్రా బెల్లమూ పెట్టేటప్పుడు పెళ్లికొడుకు అది చూసి నవ్వుతూ ఉండటం వీడియోలో స్పష్టంగా ఉంది. నా పట్టుచీర మళ్లీ కట్టుకోవడానికి పనికిరాలేదు. దూడ తాగగా మిగిలిన జున్నుపాలు మర్నాడు మా ఇంటికి వచ్చాయి. ఆ జున్ను తిన్నాక చీర గురించి నేనేమీ అనలేదు.

నిన్న ఆ అరటి బోదె దగ్గరికి వచ్చేసరికి, లోపల పేపరు చదువుకుంటున్న మా ఆయన ఒక్క ఉదుటున వసారాలోకి వచ్చాడు. కుడి భుజం ఇప్పుడు పైకి లేవదు. ఎన్ని ఈతలకి లోపల పెట్టి నొక్కుకుపోయిందో ఆ చెయ్యి! "ఎవరిది గేదె? కుడి పక్కకి పడుకోబెట్టారా? చెక్క వెయ్యమను!" అన్నాడు. ఇది పాతది, మనదేనని చెప్పి ఫోను ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని మొదట్నించీ విన్నాడు. నేను "తన్నింది" అని అరిచిన చోట ఆపి, వెనక్కి జరిపి, మళ్లీ విన్నాడు. "నేను వదిలేద్దామనే అనుకున్నానోయ్. నువ్వు అరవకపోతే వదిలేసేవాణ్ణి" అన్నాడు. ఇన్నేళ్లలో ఈ మాట ఆయన అనడం ఇదే మొదటిసారి. కుర్చీ కింద నా కుడి పాదం దానంతట అదే నేల మీద గట్టిగా ఆనుకుంది. మోకాళ్లు అరిగాయి, నడుము వంగింది, చూపు తగ్గింది. ఒళ్లంతటికీ వయసొచ్చేసింది గానీ, ఆ దూడ తన్నిన అరికాలికి మాత్రం ఇంకా రాలేదు.