సున్నపు వలయాలు

మా బాటనీ సారు పోయారని కుప్పం బస్టాండులో తెలిసింది. మదనపల్లె బస్సు దిగిన పాత క్లాస్‌మేటు నన్ను చూసి ఆగి, "సారు మొన్న పొద్దున పోయినాడు, నీకు తెల్దా?" అంది. నా చేతిలో మా స్కూలు పిల్లల పరీక్ష పేపర్ల కట్ట ఉంది. దాన్ని పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. ఆయనకు చెప్పాల్సిన మాటొకటి ఇన్నేళ్ళూ నాలోనే ఉండిపోయింది. ఇక చెప్పలేనన్న భయమే ముందు వచ్చింది.

డెబ్బైల చివర్లో మదనపల్లె కాలేజీలో ఆయన మాకు పాఠం చెప్పేవారు. చొక్కా జేబులో ఎర్రదారం కట్టిన చిన్న భూతద్దం, చంకలో పాత పేపర్ల కట్ట. ఆ పేపర్లు మంగలిషాపులో అడిగి తెచ్చుకునేవారు. మొక్కలు ఆరడానికి వాటి మధ్య పెట్టి రెండు చెక్కల నడుమ బిగించి, రోజూ తడి పేపరు తీసి పొడిది మార్చేవారు. బస్సులో ఎవరైనా ఆ చెక్కల మీద కూర్చోబోతే మాత్రం అంత నెమ్మదస్తుడికీ కోపం వచ్చేది. మేం ఏ మొక్క తెచ్చినా వెంటనే పేరు చెప్పేవారు కాదు. "ముందు బాగా సూడమ్మా. పేరు యాడికీ పోదు," అనేవారు.

పుంగనూరు దారిలో ఒక మిట్ట ఉండేది. చుట్టుపక్కలంతా నల్లరాయే, ఆ మిట్ట ఒక్కటే సున్నపురాయి. పక్కనే సున్నపు బట్టీ. ఒక వానాకాలం ఆ రాళ్ళ పగుళ్ళలో సారుకు ఒక పూమొక్క కనబడింది. జానెడు కూడా లేదు. మెంతిగింజంత పూలు, లేత వంగపండు రంగు, పది గంటలకల్లా ముడుచుకుపోయేవి. రెండే మొక్కలు తీసి, ఉన్న పుస్తకాలన్నీ తిరగేసి, ఎండు మొక్కలు దాచే ఒక పెద్ద హెర్బేరియానికి పంపారు. కొత్తదే కావచ్చు, కానీ పండిన కాయ, గింజ చూడనిదే చెప్పలేమని జవాబొచ్చింది. ఆ రోజు మా క్లాసుకంతా టీ ఇప్పించారు.

మరుసటేడు వానలకు ముప్పై దాకా మొలిచాయి. కాయ కట్టింది కానీ ఇంకా పచ్చి. రాయి కొట్టేవాళ్ళు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. సారు జ్వరంతో పడుకుని నన్ను పంపారు. "మేస్త్రితో సెప్పు, రెండు వారాలు ఆ పక్క గడ్డపార ఎయ్యొద్దని. అంతే."

నేను వెళ్ళేసరికి మేస్త్రి లేడు. కూలీలను పలకరించడానికి మొహమాటం, కాలేజీలో చదువుతున్నానన్న బింకం. బట్టీ తొట్టిలో తడి సున్నం కనబడింది. ఎంతో తెలివైన పని అనుకుని ఒక్కో మొక్క చుట్టూ రాతి మీద తెల్లటి వలయం గీశాను, ఎవరూ ముట్టుకోకుండా. తిరిగొచ్చి "చెప్పేశాను సార్" అన్నాను.

వారం తర్వాత ఇద్దరం వెళ్ళాం. నేను వలయం గీసిన చోటల్లా గుంటే. మిగతా మిట్ట ఎక్కడిదక్కడే ఉంది. రాయి కొట్టే ఒకామె నన్ను గుర్తుపట్టింది.

"ఈయమ్మే గదప్పా గుర్తులు పెట్టిపోయింది! మేస్త్రి సున్నం పూసిన కాడ్నే గదా మేం కొట్టేది. యాల, కొట్టకూడదా?"

సారు నా వైపు ఒక్కసారి చూశారు. "నేనే పెట్టమన్నాను లేమ్మా. తప్పు నాది," అన్నారు ఆమెతో.

ఆయన పెట్టమనలేదు. ఈ ముక్క ఇప్పటికి రాస్తున్నాను.

ఆమె సుత్తి పక్కన పడేసి మాతో పాటు పొద్దుగూకే దాకా రాళ్ళకుప్పలో వెతికింది. నలిగి వాడిన మొక్కలు ఐదు దొరికాయి. రెండింట్లో గింజ ముదిరింది. ఆ గింజల మీది గీతలు సారు భూతద్దంలో చూసి, అప్పటి నియమం ప్రకారం లాటిన్‌లో వర్ణన రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పంపారు. కొత్త జాతేనని తేలింది, పత్రికలో అచ్చయింది. ఎండుమొక్క అంటించిన అట్ట మీద, సేకరించినవారి చోట తన పేరు కింద నా పేరూ రాశారు. అది చూసినప్పుడల్లా నా పేరు మీద వేలు అడ్డం పెట్టేదాన్ని.

తర్వాత ఆ మిట్టంతా బట్టీలోకే పోయింది. ప్రతి వానాకాలం సారు ఆ మొక్క కోసం పుంగనూరు నుంచి రామకుప్పం దాకా తెల్లరాయి కనబడిన చోటల్లా తిరిగారు. కుప్పం వస్తే మా ఇంట్లో మజ్జిగ తాగేవారు. నేను అడగకముందే "సూస్తాండాను లేమ్మా," అనేవారు. ఎవరైనా పొగిడితే మాత్రం, "పేరైతే పెట్టినాను. పిలిస్తే పలికేదానికి ఏం మిగల్లేదు," అనేవారు. ఆ రోజు మేస్త్రితో చెప్పనే లేదని ఒప్పుకుందామని నోటి దాకా వచ్చేది. మజ్జిగ ఇంకో గ్లాసు పోసి ఊరుకునేదాన్ని.

కర్మలయ్యాక మదనపల్లె వెళ్ళాను. సారు భార్యను మేమంతా అమ్మా అనే పిలిచేవాళ్ళం. ఆమె పెరట్లో ఆరు కుండీలకు చెంబుతో నీళ్ళు పోస్తోంది. కుండీల నిండా సున్నపురాతి ముక్కలు. పచ్చటిది ఒక్క పోచ కూడా లేదు.

"అప్పుడు మిగిలిన గింజలు ఏసినాడమ్మా. ఒగటీ మొలవలే. అయినా నీళ్ళు మానొద్దు, మొలిస్తే ముందు కుప్పంలో ఆ పిల్లకి సెప్పాల, ఆ బాధ మనసులో పెట్టుకోనుండాది అనేవాడు."

అప్పుడు వచ్చింది ఏడుపు. చెంబు నేను తీసుకుని పోశాను. నీళ్ళు రాళ్ళలోంచి జారి, కింది చిల్లులోంచి తెల్లగా బయటికొచ్చాయి. ఒక్కో కుండీ చుట్టూ బండ మీద, ఏళ్ళ తరబడి కారి ఆరిన సున్నపు వలయం ఉంది.