రాగి బిందె మెడలో పుట్టింటి పేరు

మా దగ్గర సమాధుల మీద ఆడవాళ్ళకి రెండు ఇంటిపేర్లుంటాయి. మొగుడిది పైన, పుట్టింటిది కింద. మా అమ్మమ్మ ఒనోరిన్ రాయి మీద మాత్రం ‘విధవ దుబోస్’ అని ఒక్కటే ఉండేది. దుబోస్ మా తాతయ్య. ఆయనకి వేరే రాయి ఉంది. ఈ రాయి కూడా ఆయనకే ఎందుకు?

యుద్ధం చివరి వేసవిలో నార్మండీ మీద బాంబులు పడ్డప్పుడు మా ఊరు కాలిపోయింది. అమ్మా నాన్నా ఇంట్లోనే పోయారు. నాకు ఆరేళ్ళు. అమ్మమ్మ ఒక చేత్తో నన్ను పట్టుకుని, భుజాన రాగి పాలబిందె తగిలించుకుని నడక మొదలెట్టింది. జనం పరుపులూ గోడ గడియారాలూ మోస్తుంటే ఈవిడ ఖాళీ బిందె మోసింది.

“ఎందుకమ్మా ఆ బరువు? పారెయ్యి,” అన్నాడు బండి మీద పోతున్న ఒకాయన.

“నీ గడియారం పాలిస్తుందా నాయనా? రేప్పొద్దున పిల్లకి టైము తాగించమంటావా?”

దారి పొడుగునా యజమానులు వదిలేసి పోయిన ఆవులు పొదుగులు నిండి అరుస్తుండేవి. అమ్మమ్మ పితికేది. ముందు నాకు పోసేది, మిగిలినవి వెనకొచ్చే పిల్లలకి. నేను బతికింది ఆ పాలతోనే.

ఒక పొద్దున ఓగుస్తీన్ అనే ఆవిడ పొలం దగ్గర అమ్మమ్మ కంచె వారగా కూర్చుంది, మళ్ళీ లేవలేదు. ఆ ఊరి గుమస్తా నా ముందు వంగి, “అమ్మమ్మ పేరేంటి పాపా?” అన్నాడు.

“అమ్మమ్మ.”

“అది కాదమ్మా, పేరు?”

“అమ్మమ్మే!”

దారిలో ఆవిడ అందరికీ చెప్పుకున్న ‘విధవ దుబోస్’ ఒక్కటే నాకు గుర్తుంది. ఆయన అదే రాసుకున్నాడు. ఒనోరిన్ అన్న పేరు కూడా మా పాత ఊరి చాకలామె తర్వాతెప్పుడో చెప్పింది. పుట్టిల్లు ఆమెకీ తెలీదు. చిన్నప్పుడే ఎక్కడి నుంచో ఆవుల పనికొచ్చిన పిల్లట. పెళ్ళిళ్ళ కాగితాలు ఊళ్ళోనూ కాలిపోయాయి, జిల్లా కచేరీలోనూ కాలిపోయాయి.

ఓగుస్తీన్ అత్త నన్ను పెంచింది. బిందెనీ పెంచిందనే చెప్పాలి. ప్రతి శనివారం వెనిగరూ ఉప్పూ పిండీ కలిపి తోమేది. “మీవాళ్ళు ఎవరైనా వస్తే మకిలి పట్టిన బిందె చేతికిస్తానా?” అనేది. ఎవరూ రాలేదు. ఆవిడ తోమడం మానలేదు. మెడ మీద ఏవో అక్షరాలు ఉండేవనీ, తను చూసేసరికే సగం అరిగాయనీ చెప్పేది. అమ్మమ్మా అంతకాలం తోమిందిగా! మిగిలిన సగం ఓగుస్తీన్ అత్త చేతుల్లో పోయింది. నాకు మటుకు ఆ చేతుల మీద ఏనాడూ కోపం రాలేదు. అవే నాకు జడలు వేశాయి.

ఈ ఏడు అమ్మమ్మకి కొత్త రాయి చేయించాను. నవంబరులో అందరం సమాధులకి పూలు పెట్టే పండగలోపు నిలబెట్టాలి. గురువారానికల్లా పేరు చెప్పకపోతే పాతదే చెక్కేస్తానన్నాడు రాతిపనివాడు. మా అమ్మాయి సోలాంజ్ రెండేళ్ళుగా వెతికి వెతికి అలిసిపోయింది.

“ఇంక దొరకదమ్మా. ‘విధవ దుబోస్’ అనే ఉంచేద్దాం.”

“నువ్వు చస్తే నీ మొగుడి పేరొక్కటే రాయిస్తాను, సరేనా?”

“ఆ బండవాడి పేరా? లేచొచ్చి చెరిపేస్తా!”

బుధవారం వంటింట్లో ఆపిల్ పళ్ళకి చుట్టడానికి పిండి కలిపాను. సమాధి దగ్గర చామంతులు పెట్టడానికి బిందె కడుగుదామని మెడలోంచి చెయ్యి దూర్చాను. వేళ్ళకి ఇసకలా తగిలింది. కళాయి లేచిందనుకున్నాను. కాదు, చుక్కలు. వరసగా నడుస్తున్నాయి.

“సోలాంజ్! నీ చెయ్యి పెట్టి చూడు.”

“పట్టదమ్మా.”

“వెన్న తగ్గించమంటే విన్నావా?”

అప్పుడు తట్టింది. మా దగ్గర పెళ్ళికూతురి బిందె మీద పుట్టింటి ఇంటిపేరుతో సహా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. బయట గుంట పడితే లోపల బొడిపె లేస్తుంది. బయట ఇద్దరు ఆడవాళ్ళు తోమితోమి నున్నగా చేశారు. లోపల తోమేదెవరు?

పిండి ముద్ద తీసి, లోపల అద్ది, మెల్లగా ఒలిచాను. బల్ల మీద పరిచి చూస్తే గుంటలు గుంటలుగా అక్షరాలు. నా చదువు అంతంత మాత్రమే. సోలాంజే వేలు పెట్టి చదివింది.

“ఒనోరిన్... బుర్నూఫ్.”

నేనూ ఆ పేరు ఒకసారి పైకి అని చూశాను.

పిండిని పొయ్యిలో గట్టిగా కాల్చి గురువారం పట్టుకెళ్ళాం. రాతిపనివాడు అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది చెక్కాలా, తినాలా?” అన్నాడు.

“ముందు చెక్కు. బాగా చెక్కితే తిందువుగాని.”

బాగానే చెక్కాడు. పండగనాడు రాయి ముందు బిందె నిండా చామంతులు పెట్టాను. బుర్నూఫ్‌లు ఉత్తరాన ఇంకా ఉన్నారట, సోలాంజ్ ఫోన్లు మొదలెట్టింది.

“ఇంక దాన్ని తోమకమ్మా, అరిగిపోతుంది,” అంది ఇంటికొచ్చాక.

శనివారం వెనిగరు సీసా తీశాను. బుర్నూఫ్‌లు ఎవరైనా వస్తే మకిలి బిందె చూపిస్తానా?